ఇంజనుకూ ఊపిరి కావాలి

1. ముగ్గు మీద నల్ల మచ్చ

కంభం దగ్గర ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక తల్లి ఉంది. ఆమె చిన్నప్పుడు బడికి పోలేదు. మేకల వెంట పోయింది. పెద్దయ్యాక, పొద్దుగూకాక జరిగే చదువు కేంద్రానికి పోయి అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు బస్సు బోర్డు చదువుతుంది. పొదుపు సంఘం పుస్తకంలో తన పేరు తనే రాస్తుంది. కూడికలు, తీసివేతలు చేస్తుంది.

ఆమె కొడుకు అద్దె కారు నడుపుతాడు. అది పాత పెట్రోలు కారు. సంఘంలో అప్పు తీసుకుని కొన్నారు. నెల నెలా కంతు కట్టాలి. ఇంకా పన్నెండు కంతులు మిగిలి ఉన్నాయి.

ఒకరోజు పొద్దున్నే ఆమె వాకిలి ఊడ్చింది. నిన్నటి ముగ్గు మీద నల్ల మచ్చ కనిపించింది. వేలితో తాకి చూసింది. జిడ్డుగా ఉంది.

"అబ్బాయ్! ఇదేందిరా, ముగ్గు మీద ఈ మచ్చ?"

"ఆయిలమ్మా. ఇంజన్లోంచి కారతా ఉంది."

"ఎన్నాళ్ల నుంచి?"

"పది రోజులైంది. ఒక షెడ్డులో చూపించా. ఇంజన్ బోరుకొచ్చింది, దించాల అన్నారు."

"దించితే ఎంత అవుద్ది?"

కొడుకు చెప్పాడు. తల్లి వేళ్ల మీద లెక్క వేసింది. నాలుగు నెలల కంతులంత డబ్బు! ఇంజన్ దించితే ఆ పది రోజులూ కారు తిరగదు. అద్దె రాదు. కంతు ఆగిపోతుంది. సంఘంలో మాట పోతుంది. అలాగని వదిలేస్తే, ఉన్న ఇంజనే పాడైపోతుందేమో.

ఆమె కాసేపు ఆలోచించింది.

"జబ్బేందో తెలియకుండా మందుకు డబ్బు తీయొద్దు. ఇంకొకరికి చూపిద్దాం పద. నేను కూడా వస్తా" అంది.

ఇద్దరూ కంభంలో ఒక పాత మెకానిక్కు దగ్గరికి పోయారు. అందరూ ఆయన్ను మేస్త్రీ అని పిలుస్తారు.

2. పలక మీద ఇంజన్

మేస్త్రి బానెట్ ఎత్తి చూశాడు. ఇంజన్ పక్కలంతా నల్లగా, జిడ్డుగా ఉంది.

"మేస్త్రీ, ఇంజన్లో ఏం జరుగుతుందో నాకు తెలిసేట్టు చెప్పు. డబ్బు కట్టేది నేను" అంది తల్లి.

మేస్త్రి నవ్వాడు. కారు సీటు మీద ఆమె మనవరాలి పలక ఉంది. మార్కాపురం రాతి పలక. దాన్ని తీసుకుని బలపంతో బొమ్మ గీశాడు.

"అక్కా, కుట్టు మిషను ఎప్పుడైనా తొక్కావా?"

"మా కోడలికి ఉంది. తొక్కాను."

"కాలు కిందికీ పైకీ ఆడుద్ది. చక్రం గుండ్రంగా తిరుగుద్ది. అంతేనా?"

"అంతే."

"ఇంజన్ కూడా అంతే. ఇదిగో, ఈ నిలువు గొట్టం సిలిండరు. దీన్లో రోకలి లాగా కిందికీ పైకీ ఆడేది పిస్టను. పెట్రోలు, గాలి కలిసి పిస్టను పైన చేరతాయి. అక్కడ నిప్పురవ్వ పడుద్ది. భగ్గున మండుద్ది. ఆ మంట పిస్టన్ను కిందికి తోస్తది. పిస్టను కింద ఒక వంకర ఇరుసు ఉంటది. దాని పేరు క్రాంకు. పిస్టను తోస్తే క్రాంకు తిరుగుద్ది. క్రాంకు తిరిగితే బండి చక్రాలు తిరుగుతాయి."

"మరి ఆయిల్ ఎక్కడ ఉంటది?"

"క్రాంకు తిరిగే గదిని క్రాంక్‌కేసు అంటారు. దాని అడుగున తొట్టి లాంటిది ఉంటది. దాన్ని మేం ఆయిల్ చాంబర్ అంటాం. ఆయిల్ దాన్లో ఉంటది. ఇనుము ఇనుమును రాసుకోకుండా ఆయిల్ కాపాడుద్ది."

ఇంజన్ ఎంత వేగంగా పని చేస్తుందో ఒక లెక్క చూడండి. కారు బాగా పోయేటప్పుడు క్రాంకు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది అనుకోండి. ఒక్కో సిలిండర్లో రెండు చుట్లకు ఒకసారి మంట వస్తుంది. అంటే ఒక సిలిండర్లో నిమిషానికి 1500 మంటలు. నాలుగు సిలిండర్లు ఉంటే 6000 మంటలు. మీరు ఒకసారి ఊపిరి పీల్చి వదిలేలోపు ఆ ఇంజన్లో కొన్ని వందల మంటలు వచ్చి పోతాయి.

3. గాజు ఎంత బిగుతైనా సందు ఉంటుంది

తల్లి బొమ్మ వంక చూసింది.

"పిస్టను పైన మంట. పిస్టను కింద ఆయిల్. మంట కిందికి పోకుండా ఏం ఆపుద్ది?" అని అడిగింది.

"మంచి మాట అడిగావక్కా. పిస్టను చుట్టూ ఇనుప రింగులు ఉంటాయి. నీ చేతికి గాజులున్నట్టు. అవి సిలిండరు గోడకు ఆనుకుని ఉంటాయి. పొగను ఆపుతాయి. కానీ నీ గాజుకూ చేతికీ మధ్య కాస్తన్నా సందు ఉంటదా, ఉండదా?"

"ఉంటది."

"రింగుకు కూడా ఉంటది. అసలు రింగులో ఒకచోట చిన్న కోత పెడతారు. వేడికి ఇనుము సాగుద్ది. కోత లేకపోతే రింగు బిగుసుకుని పోద్ది. అందుకని కొత్త ఇంజన్లో కూడా ఆ సందుల్లోంచి కొంచెం పొగ కిందికి జారుద్ది. ఇది జబ్బు కాదు. ప్రతి ఇంజన్లో జరిగేదే."

జారిన ఈ పొగలో మూడు రకాల సరుకు ఉంటుంది.

మొదటిది, కాలిన పొగ.

రెండోది, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి.

మూడోది, నీటి ఆవిరి. పెట్రోలు కాలితే నీళ్లెట్లా వస్తాయి అనుకుంటున్నారా? పెట్రోల్లో హైడ్రోజన్ అనే పదార్థం ఉంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కాలినప్పుడు నీరు పుడుతుంది. ఒక లీటరు పెట్రోలు కాలితే లీటరుకు కాస్త తక్కువ నీరు ఆవిరిగా పుడుతుంది. చాలా భాగం సైలెన్సరు గుండా బయటికి పోతుంది. చలికాలం పొద్దున్నే సైలెన్సరు నుంచి నీటి బొట్లు పడేది అందుకే. కొంచెం ఆవిరి మాత్రం రింగుల సందుల్లోంచి క్రాంక్‌కేసులోకి జారుతుంది.

4. గిన్నె మీద బరువు మూత

"ఆ పొగ కింది గదిలో చేరి ఏం చేస్తది?" అంది తల్లి.

"అన్నం ఉడికేటప్పుడు గిన్నె మీద మూత పెట్టి, మూత మీద రాయి పెట్టావనుకో. ఏం జరుగుద్ది?"

"ఆవిరి పోయేదానికి దారి లేకపోతే మూత పక్కల నుంచి తన్నుకొస్తది. గంజి పొంగి పొయ్యిలో పడుద్ది."

"అంతే అక్కా! ఇక్కడా గంజే పొంగింది."

తల్లికి విషయం చప్పున తెలిసింది.

పొగ క్రాంక్‌కేసులో చేరుతూ ఉంటుంది. బయటికి దారి లేకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఇంజన్ అతుకుల దగ్గర ప్యాకింగులు, ఇరుసుల చుట్టూ రబ్బరు సీళ్లు ఉంటాయి. అవి లోపలి ఆయిల్‌ను ఆపడానికి పెట్టినవి. లోపలి నుంచి పొగ నెడుతూ ఉంటే ఆయిల్ ఆ సందుల్లోంచి బయటికి కారుతుంది. ఒక్కోసారి ఆయిల్ కొలిచే గేజీ పుల్ల కూడా పైకి లేచి వస్తుంది.

ఇంకో నష్టం కూడా ఉంది. నీరు, పెట్రోలు, పొగ మసి ఆయిల్లో కలుస్తాయి. ఆయిల్ పలచబడుతుంది. పులుపెక్కుతుంది, అంటే ఇనుమును తినే గుణం వస్తుంది. కొన్నాళ్లకు చిక్కబడి నల్లటి బురద అవుతుంది. ఆ బురద సన్నటి ఆయిల్ దారుల్ని మూసేస్తుంది. ఆయిల్ అందని చోట ఇనుము ఇనుమును రాసుకుంటుంది. అప్పుడు నిజంగానే ఇంజన్ దించాల్సి వస్తుంది.

కాబట్టి ఇంజనుకు ఊపిరి కావాలి. మంచి గాలి లోపలికి రావాలి. చెడ్డ పొగ బయటికి పోవాలి. వంటింటికి కిటికీ, పొగగూడు రెండూ ఉన్నట్టే.

5. రెండు గొట్టాలు, ఒక వాల్వు

మేస్త్రి ఇంజన్ పైన రెండు రబ్బరు గొట్టాలు చూపించాడు.

మొదటి గొట్టం కిటికీ లాంటిది. ఎయిర్ ఫిల్టర్ దగ్గర నుంచి వస్తుంది. దుమ్ము లేని మంచి గాలిని ఇంజన్ లోపలికి తెస్తుంది. దీన్ని బ్రీదర్ పైపు అంటారు. అంటే ఊపిరి గొట్టం.

రెండో గొట్టం పొగగూడు లాంటిది. లోపలి పొగను తీసుకుపోతుంది. ఎక్కడికి? బయటికి కాదు. ఇంజన్ గాలి పీల్చుకునే దారిలోకే తీసుకుపోతుంది. ఆ పొగలో కాలని పెట్రోలు ఉంది కదా. అది మళ్లీ సిలిండర్లోకి పోయి కాలుతుంది. వృథా పోదు. ఊరి గాలి కూడా చెడదు.

ఈ రెండో గొట్టానికి ఒక చిన్న వాల్వు ఉంటుంది. బొటనవేలంత ఉంటుంది. దాని లోపల ఒక చిన్న ముక్క, ఒక స్ప్రింగు ఉంటాయి. దీన్ని పి.సి.వి. వాల్వు అంటారు. కొన్ని కార్లలో ఇది కనిపించేటట్టు ఉంటుంది. కొన్నింటిలో టాపెట్ కవర్ లోపలే కలిపి ఉంటుంది.

"గొట్టం చాలదా? వాల్వు ఎందుకు?" అని అడిగింది తల్లి.

"కొబ్బరి బొండంలో గొట్టం వేసి తాగావా అక్కా?"

"తాగాను."

"గొట్టాన్ని మధ్యలో వేళ్లతో నొక్కి పట్టి పీల్చు. నీ బుగ్గలు లోపలికి పోతాయి. నోట్లో పీల్చుడు ఎక్కువవుద్ది. వేళ్లు వదిలేస్తే? నీళ్లు హాయిగా వస్తాయి. పీల్చుడు తగ్గుద్ది. కారుకు కూడా అంతే. డ్రైవరు ఎక్సలేటర్ మీద కాలు తీస్తే గాలి దారి మూసుకుంటది. లోపల పీల్చుడు ఎక్కువ. కాలు గట్టిగా తొక్కితే గాలి దారి తెరుచుకుంటది. పీల్చుడు తక్కువ. ఈ తేడాను సర్దేది వాల్వు."

6. మార్కాపురం నుంచి శ్రీశైలం దాకా

వాల్వు పని తెలియాలంటే కారుతోపాటు ఒక ప్రయాణం చేద్దాం.

కారు మార్కాపురంలో ఆగి ఉంది. మనుషులు ఎక్కుతున్నారు. ఇంజన్ మెల్లగా తిరుగుతోంది. ఇప్పుడు పీల్చుడు చాలా ఎక్కువ. కానీ జారే పొగ తక్కువ. వాల్వు దారి పూర్తిగా తెరిచి ఉంటే గాలి ఎక్కువగా వచ్చి ఇంజన్ వణుకుతుంది, ఆగిపోతుంది. అందుకని ఆ పీల్చుడుకే లోపలి ముక్క ముందుకు జరిగి దారిని సన్నం చేస్తుంది. కొంచెం పొగే పోతుంది. అప్పుడు అంతే చాలు.

కారు దోర్నాల వైపు చదును రోడ్డు మీద పోతోంది. పీల్చుడు మధ్యరకంగా ఉంటుంది. పొగ కాస్త పెరుగుతుంది. స్ప్రింగు ముక్కను వెనక్కు నెడుతుంది. దారి వెడల్పవుతుంది. ఎక్కువ పొగ పోతుంది.

దోర్నాల దాటింది. నల్లమల ఘాట్ మొదలైంది. నిండా మనుషులు, పైన మూటలు. డ్రైవరు ఎక్సలేటర్ గట్టిగా తొక్కాడు. మంటల బలం పెరిగింది. రింగుల సందుల్లోంచి జారే పొగ కూడా బాగా పెరిగింది. కానీ పీల్చుడు తగ్గిపోయింది. వాల్వు దారి తెరిచే ఉంది. అయినా పొగంతా దానిగుండా పోలేదు. మిగిలిన పొగ ఏం చేస్తుంది? మొదటి గొట్టంలో వెనక్కి నడుస్తుంది. ఎయిర్ ఫిల్టర్ దగ్గరికి వచ్చి, కొత్త గాలితో కలిసి మళ్లీ ఇంజన్లోకే పోతుంది. కిటికీ ఆ కాసేపు పొగగూడు అవుతుంది.

ఇంకో మేలు కూడా ఉంది. ఒక్కోసారి ఇంజన్లో మంట ఎదురు తన్నుతుంది. అప్పుడు వాల్వు టక్కున మూసుకుంటుంది. నిప్పు ఆయిల్ ఉన్న గదిలోకి పోకుండా ఆపుతుంది.

చూశారా? బొటనవేలంత వాల్వు. డ్రైవరు చెప్పకుండానే దారిని బట్టి నడుచుకుంటుంది.

డీజిల్ ఇంజన్ల సంగతి వేరు. వాటిలో గాలి దారిని పెట్రోలు ఇంజన్లో లాగా మూయరు. అందుకని అంత పీల్చుడు ఉండదు. పాత ట్రాక్టర్లకు, బావుల మీది పాత ఆయిల్ ఇంజన్లకు ఊపిరి గొట్టం బయటికే తెరిచి ఉంటుంది. దాని చివర పొగ, జిడ్డు కనిపిస్తాయి. దారి వేరైనా అవసరం ఒకటే. ఆ గొట్టం కూడా మూసుకోకూడదు.

7. మేస్త్రి చేసిన పరీక్షలు

ఇప్పుడు మేస్త్రి పనిలోకి దిగాడు. ఒక్కొక్కటి చేస్తూ తల్లికి చెప్పాడు.

ముందుగా ఎయిర్ ఫిల్టర్ విప్పాడు. లోపల ఆయిల్ తడి ఉంది.

"పొగ పోయే దారి మూసుకుంటే అంతా కిటికీ వైపే వస్తది. పొగతోపాటు ఆయిల్ తుంపర కూడా వస్తది" అన్నాడు.

ఆయిల్ పోసే మూత తీశాడు. మూత కింద నల్లటి బురద అంటుకుని ఉంది.

రెండో గొట్టం పీకాడు. దాన్లో పుల్ల పెట్టి చూశాడు. పుల్ల సగం కూడా పోలేదు. బురద గట్టిగా బిగుసుకుంది.

వాల్వు తీసి చెవి దగ్గర ఊపాడు. శబ్దం లేదు. కొత్త వాల్వు తెచ్చి ఊపాడు. టకటక మంది.

"లోపలి ముక్క ఆడితే శబ్దం వస్తది. ఇది కదలడం లేదు. చచ్చిపోయింది" అన్నాడు.

గొట్టాలు మార్చాడు. కొత్త వాల్వు పెట్టాడు. ఇంజన్ స్టార్ట్ చేయించాడు. వాల్వును కవర్ నుంచి పైకి తీసి దాని నోటికి వేలు ఆనించాడు. వేలు పీల్చుకున్నట్టయింది. వాల్వు మళ్లీ బిగించాడు. ఆయిల్ మూత తీసి, ఆ రంధ్రం మీద ఒక కాగితం ముక్క పెట్టాడు. కాగితం ఎగిరిపోలేదు. మెల్లగా అతుక్కుంది.

"ఇప్పుడు ఇంజన్ ఊపిరి పీలుస్తా ఉంది" అన్నాడు.

"మరి రింగులు? అవి అరిగిపోలేదని ఎట్టా తెలుసు?" అని అడిగింది తల్లి.

"అదీ చూద్దాం. మాటతో కాదు, గేజీతో చూద్దాం."

ఒక్కో సిలిండరుకు గేజీ పెట్టి ఒత్తిడి కొలిచాడు. దీన్ని కంప్రెషన్ పరీక్ష అంటారు. రింగులు అరిగిన సిలిండర్లో ఒత్తిడి తక్కువగా కనబడుతుంది. ఇక్కడ అన్ని సిలిండర్లలోనూ ముల్లు ఉండాల్సిన చోటికే వచ్చింది. ఒకదానికీ ఇంకోదానికీ పెద్ద తేడా లేదు.

"రింగులు బాగున్నాయి. ఇంజన్ దించే పని లేదు" అన్నాడు మేస్త్రి.

"మరి ఆ షెడ్డువాళ్లు ఎందుకట్టా చెప్పారు?"

"వాళ్లు అబద్ధం చెప్పారని నేననను. ఆయిల్ కారితే రింగులు పోయి ఉండొచ్చు అనుకోవడం తప్పు కాదు. రింగులు బాగా అరిగితే పొగ ఎక్కువగా జారుద్ది. అప్పుడు కొత్త వాల్వు పెట్టినా ఆగదు. కానీ ముందు చిన్న దారి చూసి, తర్వాత పెద్ద దారి చూడాల. వాల్వు మార్చడం ఇంత పని. ఇంజన్ దించడం అంత పని."

8. గొట్టం ఎందుకు మూసుకుంది?

మేస్త్రి కొడుకును అడిగాడు.

"ఆయిల్ ఎప్పుడు మార్చావు తమ్ముడూ?"

కొడుకు తల గోక్కున్నాడు. "పోయిన పండక్కేమో!"

"ఎన్ని కిలోమీటర్లు తిరిగావు?"

"రాయలేదన్నా."

"కారు ఎక్కడెక్కడ తిరుగుతది?"

"ఎక్కువగా ఊళ్లోంచి కంభం స్టేషనుకూ, స్టేషన్నుంచి ఊళ్లోకీ."

మేస్త్రి రెండు కారణాలు చెప్పాడు. ఒకటి, ఆయిల్ మార్చడం ఆలస్యమైంది. పాత ఆయిల్ మురికిని పట్టి ఉంచలేదు. మురికి బురదయింది. రెండు, దగ్గర దగ్గర తిరుగుళ్లు. ఇంజన్ బాగా వేడెక్కితే ఆయిల్లో చేరిన నీరు ఆవిరై ఈ గొట్టం గుండా పోతుంది. ఆయిల్ వేడెక్కేలోపే కారు ఆపితే నీరు అక్కడే ఉండిపోతుంది. అలాంటి కార్లకు ఆయిల్ ఇంకా ముందుగా మార్చాలి. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో కారుతో ఇచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది.

"ఆ పుస్తకం ఉందా?" అని తల్లి కొడుకును అడిగింది.

డాష్ బోర్డు అరలో ఉంది. ఎవరూ తెరవలేదు.

9. ఈ వాల్వు ఎట్లా పుట్టింది?

పాత కాలం కార్లకు ఇంజన్ కింద వంచిన గొట్టం ఉండేది. కారు పరిగెత్తేటప్పుడు కింద వీచే గాలి ఆ గొట్టంలోని పొగను లాగేది. పొగ రోడ్డు మీదికి పోయేది. కారు ఆగితే గాలి లేదు, లాగుడూ లేదు.

అమెరికా దేశంలో కాలిఫోర్నియా అనే రాష్ట్రం ఉంది. అక్కడ లాస్ ఏంజెలిస్ నగరంలో కార్లు విపరీతంగా పెరిగాయి. గాలి మసకబారింది. జనానికి కళ్లు మండాయి. దానికి కారణం ఏమిటో హాగన్ స్మిట్ అనే శాస్త్రవేత్త 1950ల్లో పరిశోధించి చెప్పాడు. కార్ల నుంచి, నూనె శుద్ధి కర్మాగారాల నుంచి వచ్చే పొగలు ఎండలో మారిపోయి ఆ మసక పుడుతోంది అన్నాడు. కార్ల నుంచి వచ్చే కాలని పెట్రోలు ఆవిరిలో దాదాపు ఐదో వంతు ఇంజన్ కింది గొట్టం నుంచే వస్తోందని తేలింది. 1961లో కాలిఫోర్నియా ప్రభుత్వం ఆ పొగను మళ్లీ ఇంజన్లోకే పంపాలని నిర్ణయించింది. కార్ల పొగను తగ్గించడానికి ఆ దేశంలో పెట్టించిన మొదటి పరికరం ఈ చిన్న వాల్వే.

మన దేశంలో పెట్రోలు బండ్ల పొగకు 1991లో హద్దులు పెట్టారు. తర్వాత ఆ హద్దుల్ని బిగిస్తూ వచ్చారు. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 నియమాలు అమలులోకి వచ్చాయి.

10. నోటుబుక్కు

మేస్త్రి ఆయిల్ మార్చాడు. ఇంజన్ పక్కల జిడ్డు కడిగాడు.

"కడిగితే కొత్త కారుడు తెలుస్తది. రెండు వారాలు చూడండి" అన్నాడు.

తల్లి ఇంటికి వచ్చి ఒక నోటుబుక్కు తీసింది. గీతలు కొట్టింది. పైన నాలుగు మాటలు రాసింది: తేదీ. కిలోమీటర్లు. పోసిన ఆయిల్. మచ్చ ఉందా, లేదా.

రోజూ పొద్దున వాకిలి ఊడ్చేటప్పుడు కారు కింద చూసింది. కొడుకు కిలోమీటర్లు చదివి చెప్పాడు. ఆమె రాసింది. మొదట్లో అంకెలు వంకరగా వచ్చాయి. తర్వాత చక్కబడ్డాయి.

రెండు వారాలయ్యాక పుస్తకం తీసుకుని మేస్త్రి దగ్గరికి పోయారు. పెద్ద మచ్చ పోయింది. కానీ ఒకే చోట రోజూ నాలుగైదు బొట్లు పడుతున్నాయి. మేస్త్రి అక్కడ చూశాడు. ఒక రబ్బరు సీలు దెబ్బతింది. ఇన్నాళ్ల ఒత్తిడికి దాని అంచు చిరిగింది. దాన్ని మార్చాడు. కారుడు ఆగింది.

వాల్వు, గొట్టాలు, ఆయిల్, సీలు, కూలి. అన్నీ కలిపి తల్లి లెక్క వేసింది. ఒక కంతు డబ్బు కూడా కాలేదు.

ఆ నెల సంఘం సమావేశంలో ఆమె కంతు కట్టింది. తర్వాత నోటుబుక్కు తీసి అందరికీ చూపించింది. పలక మీద బొమ్మ గీసింది. సిలిండరు, పిస్టను, గాజుల్లాంటి రింగులు, రెండు గొట్టాలు.

"అయితే వొదినా, మా ట్రాక్టరుకు కూడా గొట్టం ఉంటదా?" అని ఒకామె అడిగింది.

"ఉంటది. ఇంటికి పోయి చూడు. చివర బురద మూసుకుందేమో చూడు. లేకపోతే నేనే వచ్చి చూస్తా" అంది ఆమె.

గుర్తుంచుకోండి

● రింగుల సందుల్లోంచి కొంచెం పొగ జారడం ప్రతి ఇంజన్లో మామూలే. ఆ పొగకు దారి ఉండాలి.

● దారి మూసుకుంటే ఒత్తిడి పెరిగి ఆయిల్ బయటికి కారుతుంది. ఆయిల్ బురద అవుతుంది.

● వాల్వు తెరుచుకునే ఇరుక్కుంటే గాలి ఎక్కువగా పోయి, ఆగి ఉన్నప్పుడు ఇంజన్ వణుకుతుంది. మూసుకుని ఇరుక్కుంటే ఆయిల్ కారుతుంది.

● ఆయిల్ కారితే ముందు గొట్టాలు, వాల్వు చూపించండి. తర్వాత కంప్రెషన్ పరీక్ష చేయించండి. ఆ తర్వాతే ఇంజన్ దించే మాట.

● పెద్ద ఖర్చు చెప్పినప్పుడు "కారణం ఏమిటి? ఎట్లా తెలిసింది?" అని అడగండి. అడగడం తప్పు కాదు.

జాగ్రత్త!

ఇంజన్ తిరిగేటప్పుడు దగ్గరికి పోతే కొంగు నడుముకు దోపండి. జడ ముడి వేయండి. తిరిగే బెల్టు, ఫ్యాను బట్టను లాక్కుంటాయి. వేడి ఇంజన్ మీద చేయి పెట్టకండి. మూసిన షెడ్డులో ఇంజన్ నడపకండి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది ప్రాణం తీస్తుంది.

కొత్త మాటలు

పిస్టను – సిలిండర్లో కిందికీ పైకీ ఆడేది
క్రాంకు – పిస్టను తోస్తే తిరిగే వంకర ఇరుసు
క్రాంక్‌కేసు – క్రాంకు తిరిగే గది
బ్రీదర్ పైపు – ఊపిరి గొట్టం
సీలు – ఆయిల్ కారకుండా ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు కట్టు

చెప్పండి

1. క్రాంక్‌కేసులోకి జారే పొగలో ఏమేమి ఉంటాయి?
2. ఘాట్ ఎక్కేటప్పుడు పొగ ఎందుకు పెరుగుతుంది? మిగిలిన పొగ ఎటు పోతుంది?
3. వాల్వు పని చేస్తోందని మేస్త్రి ఎట్లా తెలుసుకున్నాడు?

లెక్క వేయండి

ఒక ఇంజనుకు మూడు సిలిండర్లు ఉన్నాయి. క్రాంకు నిమిషానికి 2000 చుట్లు తిరుగుతోంది. నిమిషానికి మొత్తం ఎన్ని మంటలు వస్తాయి?

చేయండి

మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ ఉన్న మోటారు సైకిలు, ఆటో, ట్రాక్టరు, కారు – ఏదో ఒక బండికి తల్లి గీసినట్టు నోటుబుక్కులో గీతలు కొట్టండి. పదిహేను రోజులు రాయండి. రాసింది కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.